ఐదుసార్లు వద్దన్నారు, గ్విన్నెట్‌లో కారు లేనివారి గతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని అట్లాంటా నగరానికి ఈశాన్యాన ఉన్న గ్విన్నెట్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి. లారెన్స్‌విల్, సువానీ, డులూత్ పేర్లు మన ఊళ్లలోనూ చాలామందికి తెలుసు. పిల్లల దగ్గర నాలుగు నెలలు ఉందామని వచ్చే తల్లిదండ్రులు ఎవరో ఒకరు కారు తీస్తే తప్ప ఇక్కడ గడప దాటలేరు. దీన్ని ఇంటి ఇబ్బందిగానే చూసి సర్దుకుపోతున్నాం. బస్సులు, రైళ్లు సరిగా లేకపోవడం కౌంటీ పాలనకు, ఓటుకు సంబంధించిన విషయమని చెప్పడానికే ఈ లేఖ.

2020 జనగణన ప్రకారం గ్విన్నెట్ జనాభా 9,57,062. జార్జియా రాష్ట్రంలో ఫుల్టన్ తర్వాత ఇంత పెద్ద కౌంటీ మరొకటి లేదు. అయినా ఇక్కడ ఒక్క మెట్రో స్టేషన్ కూడా లేదు. అట్లాంటా ప్రాంతంలో మార్టా సంస్థ నడిపే రైలు 1992 నుంచి డోరావిల్ దాకా వస్తోంది. అది పక్కనున్న డీకాల్బ్ కౌంటీలో, మా సరిహద్దుకు కొద్ది మైళ్ల దూరంలో ఉంది. అక్కడ రైలెక్కితే నేరుగా విమానాశ్రయంలో దిగవచ్చు. ఆ కొద్ది మైళ్లు దాటలేకపోవడానికి కారణం ఓటర్ల తీర్పే.

1971లో మార్టాలో చేరాలా వద్దా అని అడిగితే ఫుల్టన్, డీకాల్బ్ ఒప్పుకున్నాయి, గ్విన్నెట్, క్లేటన్ వద్దన్నాయి. అప్పటి గ్విన్నెట్ జనాభా 72 వేల చిల్లర. 1990లో మళ్లీ అడిగితే మళ్లీ వద్దన్నారు. రైలు వస్తే నగరంలోని నల్లజాతివారు శివార్లకు వస్తారన్న భయం ఆనాటి వ్యతిరేకతలో పెద్ద పాత్ర వహించిందని చరిత్రకారులు రాశారు. మనలాంటి వలసవాళ్లు వచ్చి స్థిరపడ్డ కౌంటీ ఆ భయం మిగిల్చిన ఫలితాన్ని ఇంకా మోస్తుండటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. క్లేటన్ 2014లో మనసు మార్చుకుని మార్టాలో చేరింది. గ్విన్నెట్ 2019లో మార్టాలో చేరడాన్నీ, 2020లోనూ 2024లోనూ కౌంటీ సొంత రవాణా విస్తరణకు పన్నునూ కాదంది. 2020లో తేడా సుమారు వెయ్యి ఓట్లు. నాలుగు లక్షలమంది వేసిన ఓట్లలో వెయ్యి అంటే ఎంత? మన సంఘాల పండుగ సభలకే అంతకంటే ఎక్కువమంది వస్తారు.

2024 నాటి ప్రతిపాదనలో అడిగింది 30 ఏళ్లపాటు అమ్మకం పన్ను మీద ఒక శాతం అదనం. దానితో బస్సు మార్గాలు పెరిగేవి, ఫోనులో పిలిస్తే వచ్చే చిన్న వ్యానులు కౌంటీ అంతటా తిరిగేవి. ఈ వ్యానులను 2018లో స్నెల్‌విల్‌లో ప్రయోగంగా నడిపి చూశారు. ఇప్పుడు లారెన్స్‌విల్‌తో సహా కొన్ని ప్రాంతాల్లో ఉన్నాయి. సువిశాలంగా పరుచుకున్న ఇళ్ల కాలనీలకు పెద్ద బస్సు కంటే ఇదే సరైనదని నా నమ్మకం. డ్రైవింగ్ రాని పెద్దవాళ్లకు, ఒకే కారున్న ఇంట్లో పగలంతా ఉండిపోయే కోడళ్లకు, కళాశాలకు వెళ్లే పిల్లలకు ఇది పెద్ద ఊరట.

"ఉన్న బస్సులే ఖాళీగా తిరుగుతున్నాయి, ఇంకా పన్నెందుకు?" అని నాకు తెలిసిన కొందరు తెలుగువారు కూడా అంటారు. అరగంటకో గంటకో ఒకటి వచ్చే బస్సును నమ్ముకుని ఎవరు ఉద్యోగానికి వెళ్తారు? పైగా స్టాపు దాకా నడవాలి కదా. మా అత్తగారికి నడక అలవాటు. ఊళ్లో రోజూ గుడికీ బజారుకీ నడిచే మనిషి. ఇక్కడ మా కాలనీ లోపల కాలిబాట చక్కగానే ఉంటుంది, పెద్ద రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. అక్కడి నుంచి గడ్డిలో, దూసుకుపోయే వాహనాల పక్కన నడవాలి. మైలు కూడా లేని కూరగాయల దుకాణానికి ఆమెను ఒంటరిగా పంపే ధైర్యం మాకు లేదు. ప్లెజెంట్ హిల్ రోడ్డు లాంటి వెడల్పాటి దారులను కాలినడకన దాటడం వయసులో ఉన్నవారికే కష్టం.

పన్ను భారం గురించి భయపడేవారి మాట కొట్టిపారేయను. ఇంటి పన్ను, బీమా, సరుకుల ధరలు అన్నీ పెరిగాయి. కానీ రెండో కారు, దాని బీమా, పెట్రోలు, మరమ్మతులు కలిపితే ఒక్కో కుటుంబం పెడుతున్న ఖర్చు చిన్నదా? ఆ లెక్క ఏ ఎన్నికల కరపత్రంలోనూ నాకు కనిపించలేదు.

మనలో చాలామందికి ఇంకా ఓటు లేదు. అమ్మకం పన్ను మాత్రం దుకాణంలో అందరమూ కడుతున్నాం. కౌంటీ కమిషనర్ల సమావేశాల్లో మాట్లాడటానికి ఓటు హక్కు ఉండనక్కరలేదు. పౌరసత్వం వచ్చినవారు అధ్యక్ష ఎన్నికల మీద చూపే ఉత్సాహంలో కొంతైనా బ్యాలెట్ చివర ఉండే ఇలాంటి ప్రశ్నల మీద చూపాలి.

మీ ప్రవాస పుటలో మన ఉత్సవాల ఫోటోలు, సన్మాన వార్తలు చూసి సంతోషిస్తాం. వాటి పక్కనే ఇక్కడి బస్సుల గురించి, వ్యానును ఎలా పిలుచుకోవాలో, కాలిబాట కోసం కౌంటీకి ఎలా అర్జీ పెట్టాలో తెలుగులో ఒక వివరమైన కథనం వేయండి. మళ్లీ ఓటింగుకు వస్తే, తేదీకి నెల ముందే ఆ ప్రతిపాదన పూర్తి పాఠాన్ని తెలుగులో అచ్చువేయండి. ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్లు దాన్ని చదివి, ఓటున్న తమ పిల్లలతో మాట్లాడతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
లారెన్స్‌విల్, గ్విన్నెట్ కౌంటీ, జార్జియా