పల్టీలు లెక్కపెడితే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

మీ క్రీడా పేజీలో అప్పుడప్పుడూ వచ్చే జపాన్ ప్రో రెజ్లింగ్ వార్తలు వదలకుండా చదువుతాను. అందులో జూనియర్ హెవీవెయిట్ మ్యాచ్‌ల గురించి (న్యూ జపాన్ సంస్థలో 100 కిలోల లోపు వాళ్లవి) రాసినప్పుడల్లా ఎన్ని పల్టీలు కొట్టారు, అమెరికా విలేకరి డేవ్ మెల్ట్‌జర్ ఎన్ని స్టార్లు ఇచ్చాడు అన్నదగ్గరే వార్త ఆగిపోతోంది. మ్యాచ్ బాగుందో లేదో తేల్చడానికి అది చాలదు. పైగా ఆ కొలత ఆడేవాళ్ల ప్రాణం మీదికి వస్తోంది.

1994 ఏప్రిల్ 16న టోక్యోలోని ర్యోగోకు కోకుగికాన్‌లో జరిగిన సూపర్ జె కప్ అనే జూనియర్ల టోర్నీ సెమీఫైనల్ సంగతే తీసుకోండి. జుషిన్ లైగర్, గ్రేట్ సాసుకే తలపడ్డారు. చివర్లో సాసుకే పై తాడు మీదికి ఎగిరి, అక్కణ్నుంచి లైగర్ మీదికి దూకబోయాడు. కాలు జారి ధబీమని కింద పడ్డాడు. పల్టీలకు మార్కులు వేసేవాళ్లయితే అక్కడే కోత పెట్టేస్తారు. లైగర్ మాత్రం నిలబడి ఎగతాళిగా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత దగ్గరికొచ్చాడో లేదో, సాసుకే కాళ్లతో అతని తలను చుట్టేసి, తిప్పి పడేసి, భుజాలు నేలకు అదిమి (పిన్ చేసి) గెలిచాడు. అప్పటికి జూనియర్లలో లైగర్‌ది తిరుగులేని పేరు. సాసుకే మిచినోకు ప్రో అనే చిన్న సంస్థ నుంచి వచ్చినవాడు. పెద్దవాడి ధీమా, చిన్నవాడి తెగింపు రెండూ ఆ కొద్ది సెకన్లలో కళ్లకు కట్టాయి. ఫలితం ముందే ఖరారయ్యే ఆటే కావచ్చు. కానీ అనుకోనిది జరిగినప్పుడు దాన్ని కథలో కలిపేసుకోవడమే అసలైన పనితనం అని నా నమ్మకం.

2016 మే 27న కొరాకువెన్ హాల్‌లో విల్ ఆస్ప్రే, రికొచెట్ ఆడిన మ్యాచ్ మీద పెద్ద దుమారమే రేగింది. అది పోటీలా కాక జిమ్నాస్టిక్స్ ప్రదర్శనలా ఉందని పాతతరం హెవీవెయిట్ రెజ్లర్ వేడర్ గట్టిగా విమర్శించాడు. నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. ఆ ఇద్దరి వేగం, టైమింగ్ ఎవరికి పడితే వాళ్లకు వచ్చేవి కావు. అయితే ఏ మ్యాచ్‌లోనైనా మొదట్లో మోకాలికి దెబ్బ తగిలితే, పది నిమిషాల తర్వాత తాడెక్కేటప్పుడు కూడా ఆ కాలు తడబడాలి. తడబడకపోతే ఆ మొదటి పది నిమిషాలు ఎందుకు చూసినట్టు?

ఇక ప్రాణం మీదికి వస్తోందని ఎందుకన్నానంటే, 2018 జూలై 7న అమెరికాలో జరిగిన టైటిల్ మ్యాచ్‌లో డ్రాగన్ లీ ఎత్తి పడేసినప్పుడు హిరోము తకహాషి మెడ విరిగింది. ఆ మెడతోనే మ్యాచ్ పూర్తిచేసి గెలిచాడు. మళ్లీ రింగ్‌లో మ్యాచ్ ఆడటానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. అంతకుముందు, 1981లో ముసుగు రెజ్లర్ తొలి టైగర్ మాస్క్‌తో తలపడి ఈ తరహా ఆటకు ఊపు తెచ్చిన డైనమైట్ కిడ్ తన చివరి ఏళ్లు చక్రాల కుర్చీలో గడిపాడు. ఇవన్నీ తెలిసి కూడా, తల మీద పడిన ప్రతిసారీ 'అద్భుతం' అని రాస్తే తర్వాతి కుర్రాడు ఇంకాస్త ఎత్తు నుంచి పడతాడు.

అందుకే నా మనవి. స్టార్ల సంఖ్య వేయాలనుకుంటే వేయండి. దాంతోపాటు ఎవరు ఎవరి ఏ బలహీనత మీద దెబ్బ కొట్టారు, అవతలివాడు దాన్ని ఎంతవరకు మోశాడు, హాల్లో జనం ఎప్పుడు లేచి నిలబడ్డారు అన్నది నాలుగు వాక్యాల్లో రాయించండి. వచ్చే బెస్ట్ ఆఫ్ ది సూపర్ జూనియర్స్ టోర్నీ వార్తల నుంచే ఇది మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాజమహేంద్రవరం