18 నిండినవారి పేర్లు ముందు ఎక్కించండి

16 ఏళ్లకే ఓటు హక్కు ఇస్తామని 2025 జులైలో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించాక మన దగ్గరా వయసు తగ్గించాలన్న వాదన వినిపిస్తోంది. నాకైతే అది తొందరపాటు అనిపిస్తోంది. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో 21 ఏళ్ల అర్హత 18కి తగ్గింది. ఆ 18 నిండినవారే ఇంకా ఎందరో ఓటర్ల జాబితాకెక్కలేదు. మా వీధిలో డిగ్రీ చదివే పిల్లలు ఈఏపీసెట్ ర్యాంకు టక్కున చెబుతారు, కొత్త ఓటరుగా పేరు నమోదుకు నింపే ఫారం 6 అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. 17 నిండగానే ముందస్తుగా దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, ఏడాదికి ఒకటి కాదు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1 అని 18 నిండాయా అని చూసే అర్హత తేదీలు నాలుగున్నాయనీ వాళ్లకెవరూ చెప్పలేదు. హాస్టల్ పిల్లలది మరో తిప్పలు. ఓటు సొంతూళ్లో, చదువు ఇంకో జిల్లాలో, పోలింగ్ నాడు బస్సులో సీటు దొరికితే అదృష్టం! కాలేజీ ధ్రువపత్రం ఉంటే హాస్టల్ చిరునామాపైనే పేరు నమోదు చేసుకునే వీలుంది. కానీ ఆ కాగితం కోసం ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంటుంది? ఇంటర్ రెండో ఏడాది పరీక్ష ఫీజు కట్టే రోజుల్లోనే బూత్ స్థాయి అధికారులు కాలేజీలకు వచ్చి ఫారాలు నింపించాలి. అడిగిన విద్యార్థికి ధ్రువపత్రం అదే రోజు ఇచ్చే బాధ్యత ప్రిన్సిపాళ్లకు అప్పగిస్తూ ఎన్నికల సంఘం ఆదేశాలివ్వాలి.

– ఓ విశ్రాంత అధ్యాపకుడు, తెనాలి