స్లాట్ దొరకలేదని బెంగ పెట్టుకోకు తల్లీ

తల్లీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వింటుంటే బాధకన్నా కోపమే ఎక్కువొచ్చింది, నీ మీద కాదు, ఆ బుకింగ్ పద్ధతి మీద. పాస్‌పోర్టు రెన్యువల్ అపాయింట్‌మెంట్ కోసం నిద్ర మానుకుని కూర్చోవాలా? పైగా "నాకే చేతకావడం లేదేమో నాన్నా" అన్నావు చూడు, ఆ మాట ఇంకెప్పుడూ అనకు.

రాత్రి నీ లాగిన్‌తో నేనూ కూర్చున్నాను. క్యాలెండర్ అంతా ఎర్రగా ఉంది, ఉన్నట్టుండి ఒక్క తేదీ పచ్చబడింది, నొక్కాను, వంకరటింకర అక్షరాలేవో టైప్ చేయమంది, చేశాను, మళ్ళీ చేయమంది, ఆ తర్వాత చక్రం తిరిగీ తిరిగీ 'సెషన్ ముగిసింది' అంటూ మొదటి పేజీకి తెచ్చి పడేసింది. మళ్ళీ అక్కడికి వెళ్ళేసరికి అదీ ఎరుపే. మన ముందు ఎంతమంది ఉన్నారో, కొత్త తేదీలు ఎప్పుడు తెరుస్తారో చెప్పే నాథుడు లేడు. ఆఫీసు ముందు లైన్లో నిలబడితే కాళ్ళు లాగినా ముందున్న తలకాయలైనా కనిపించేవి. హెల్ప్‌లైన్‌కు చేస్తే వెబ్‌సైట్ చూడమంటారు, వెబ్‌సైట్ హెల్ప్‌లైన్‌కు చేయమంటుంది. నీకు హక్కుగా రావాల్సిన పాస్‌పోర్టు, వేళ్ళు చురుగ్గా కదిలేవాళ్ళకే ముందు దొరకడం అన్యాయం కాక ఏమిటి? కంప్యూటర్ ముట్టుకోని పెద్దవాళ్ళ గతేమిటి?

డబ్బిస్తే స్లాట్ ఇప్పిస్తానన్న ఆ ఏజెంటు మాటకు మాత్రం ఒప్పుకోకు. స్లాట్లను సాఫ్ట్‌వేర్‌తో ముందే పట్టేసి అమ్ముకునేవాళ్ళు చాలాచోట్ల ఉన్నారు, వాళ్ళకు డబ్బిస్తే ఆ దందా ఇంకా పెరుగుతుంది. అదీగాక నీ పాత పాస్‌పోర్టు కాపీ, పుట్టిన తేదీ, ఓటీపీ అన్నీ ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టాలి. అసలు సైట్‌లాగే కనిపించే నకిలీ సైట్లూ ఉన్నాయి, అడ్రస్ బార్ చూడకుండా డబ్బు కట్టకు.

గడువు ఇంకా ఉంది కదా అని ధీమాగా ఉండొద్దని ఇంతలా ఎందుకు పోరుతున్నానంటే, చాలా దేశాలు ప్రయాణం నాటికి పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. షెంజెన్ దేశాలకైతే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఆ యూరప్ దేశాలకైతే, అక్కణ్ణుంచి తిరిగి బయల్దేరే రోజు తర్వాత 3 నెలలు ఉండాలి. అంటే కాగితం మీద ఉన్న గడువు వేరు, నిజంగా పనికొచ్చేది వేరు. కొత్తది చేతికొచ్చేదాకా టికెట్లు కొనకు.

ఇంకోటి, పేరు. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల కోడ్ ఉంటుంది చూశావా, ఒక్కో వరుసలో 44 అక్షరాలు, పేరుకు దక్కేది 39. పేరు పొడవైతే అక్కడ కుదించేస్తారు, అది మామూలే, కంగారుపడకు. కానీ నువ్విచ్చే కాగితాల్లో స్పెల్లింగ్ ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటే కౌంటర్ దగ్గర ఆపేస్తారు, ఇంత కష్టపడి సంపాదించిన తేదీ వృథా అవుతుంది. అన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకో.

ఎవరైనా రద్దు చేసుకున్న తేదీలు మధ్యమధ్యలో ఖాళీ అవుతుంటాయి కాబట్టి పొద్దున లేవగానే నేను చూస్తాను. దొరికితే నిన్ను అడగకుండానే బుక్ చేసేస్తా, సెలవు సంగతి తర్వాత చూసుకుందువు. ఓటీపీ నీకే వస్తుంది, ఫోన్ సైలెంట్‌లో పెట్టకు.

నాన్న