చైన్ బిగువు వల్ల పోయిన గేర్‌బాక్స్ బేరింగ్: వారంటీ నిరాకరణపై ఫిర్యాదు

తాడిపత్రి,
అనంతపురం జిల్లా.

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

అయ్యా,

నాకు తాడిపత్రిలో మోటర్ రీవైండింగ్ షాపు ఉంది. బండల పాలిష్ ఫ్యాక్టరీల మోటర్లు, పొలాల బోరు మోటర్లు విప్పి కట్టడం ఇరవై రెండేళ్లుగా నా పని. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. బేరింగ్ ఎందుకు పోతుందో, పోయేముందు ఎట్లా అరుస్తుందో నాకు తెలుసు. నా మోటర్ సైకిల్ గేర్‌బాక్స్ బేరింగ్ పోతే మీ సర్వీస్ సెంటర్ వాళ్లు జాబ్ కార్డు మీద రాసిన "యూజర్ మిస్‌యూజ్, ఓవర్‌లోడ్" అనే మాటను అందుకే ఒప్పుకోలేకపోతున్నాను.

గత ఏడాది జనవరిలో అనంతపురంలోని మీ షోరూంలో మీ అడ్వెంచర్ టూరింగ్ బండి కొన్నాను. తొందరపడి కొన్నది కాదు, మూడు నెలలు నాలుగు షోరూంలు తిరిగాను. మా దగ్గర క్వారీ లారీలు తిరిగే రోడ్లు ఎట్లా ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. ముందు చక్రం 21 అంగుళాలు ఉంటే గుంతలో పడిపోకుండా దాటుతుందని, సస్పెన్షన్ 200 మి.మీ. ఆడుతుందని మీ బండి వైపు మొగ్గాను. ఈ బండి స్పోక్ చక్రాలకు లోపల ట్యూబ్ ఉంటుంది, పంక్చరైతే నడిరోడ్డు మీద చక్రం విప్పుకోవాలి. అది తెలిసే ఒప్పుకున్నాను. అల్లాయ్ చక్రం పగిలితే పారేయాల్సిందే, స్పోక్ రిమ్ వంగితే కొట్టి సరిచేయించుకోవచ్చు. స్పేర్ ట్యూబు, టైర్ లివర్లు, చేతి పంపు కొని సీటు కింద, పెట్టెలో సర్దుకున్నాను.

పెట్టెలు తగిలించే శాడిల్ స్టే, రెండు పక్క పెట్టెలు, ఇంజన్ కింద రాళ్లు తగలకుండా బ్యాష్ ప్లేట్ కూడా మీ షోరూంలోనే బిగించారు. బిల్లులో ఉన్నవి మీ కంపెనీ పార్ట్ నంబర్లే. "ఇద్దరూ హాయిగా సామానుతో లడఖ్ దాకా వెళ్లొచ్చు సార్" అని చెప్పి అమ్మారు.

10,000 కి.మీ. సర్వీస్ అయిన రెండో రోజు మా ఆమెను తీసుకుని గండికోట, అహోబిలం, శ్రీశైలం చూడాలని బయలుదేరాను. సర్వీస్ సెంటర్‌లో బండి తీసుకునేటప్పుడే చైన్ బిగువుగా ఉన్నట్టుందని అడిగాను. "గట్టిగా ఉంటేనే పికప్ బాగుంటాది, ఏం గాదన్నా" అన్నాడు ఆ పిల్లవాడు. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. వాడికి ఎవరూ నేర్పలేదు, వాడు బిగించింది స్కేలు పెట్టి చూసిన సూపర్‌వైజరూ లేడు.

జమ్మలమడుగు దాటేసరికి ఇంజన్ ఎడమ పక్క నుంచి సన్నగా "కూ" మని ఒక రాగం మొదలైంది. స్పీడు పెరిగితే అదీ పెరుగుతోంది. గండికోటలో పెన్నా లోయ అంచున అరగంట కూర్చున్నామన్న మాటే గాని నా చెవులు బండి దగ్గరే ఉన్నాయి. మైదుకూరు, ఆళ్లగడ్డ మీదుగా సాయంత్రానికి దిగువ అహోబిలం చేరాం. స్టాండు వేసి అరగంట తర్వాత చూస్తే చైన్‌ను లాగే ముందు పళ్లచక్రం, అదే ముందు స్ప్రాకెట్, కవర్ కింద నేల మీద రూపాయి బిళ్లంత నూనె మరక.

అప్పుడు స్కేలు తీశాను. సైడ్ స్టాండు మీద, ఎవరూ కూర్చోకుండా, చైన్ మధ్యలో కింది నుంచి పైకి నెడితే 35 నుంచి 45 మి.మీ. ఆడాలని మీ మాన్యువల్‌లోనే ఉంది. నా బండి చైన్ ఆడింది 15 మి.మీ. పెట్టెలు తగిలించి, మా ఆమెను కూర్చోబెట్టి, నేనూ కూర్చుని లాడ్జి కుర్రాణ్ణి చైన్ నొక్కమన్నాను. కదల్లేదు. తంబురా తీగలా ఉంది. స్కేలు కనపడేలా ఫోటోలు తీసుకున్న తర్వాతే వెనక ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపులా గీతలు సమానంగా చూసుకుని చైన్ వదులు చేశాను.

అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మరుసటి రోజు ఆత్మకూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుండగా, రోళ్లపెంటకు ఇంకా కొంత దూరం ఉందనగా, ఆ రాగం కాస్తా కరకరలాడే చప్పుడైంది. చైన్ అదురుతోంది, కాలి కింద గేరు లివర్ వణుకుతోంది. ఇంజన్ ఆపేశాను. ఫోనుకు సిగ్నల్ లేదు. అడవి దారి, రాత్రయితే గేటు మూసేస్తారు. రెండు గంటలు మా ఆమె చెట్టు కింద రాయి మీద కూర్చుంది. చివరికి ఖాళీగా వెనక్కి వస్తున్న బొలెరో అతను దయతలచి బండిని ఎక్కించుకుని నంద్యాలలో మీ సర్వీస్ సెంటర్ దగ్గర దింపాడు. శ్రీశైలం చూడకుండానే ఇల్లు చేరాం.

సర్వీస్ సెంటర్‌లో ఇంజన్ విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. గేర్‌బాక్స్ నుంచి స్ప్రాకెట్‌ను తిప్పే అవుట్‌పుట్ షాఫ్ట్‌కు స్ప్రాకెట్ వైపున్న బేరింగ్ ఒక్కటే పోయింది. దాని పక్క ఆయిల్ సీల్ ఒరిగి కోసుకుపోయింది. గేర్లు, మిగతా బేరింగులు, ఆయిల్ శుభ్రంగా ఉన్నాయి. పాలిష్ మిషన్‌కు బెల్టు అతిగా బిగిస్తే మోటర్‌లో పుల్లీ వైపు బేరింగే పోతుంది, అవతలి వైపుది కొత్తదానిలా ఉంటుంది. అట్లాంటి మోటర్లు నెలకు ఒకటో రెండో నా బల్ల మీదికి వస్తాయి. మీ గేర్‌బాక్స్‌లో కనిపించింది అచ్చంగా అదే.

బండి విషయంలో ఇంకొకటి కలుస్తుంది. ముందు స్ప్రాకెట్ కేంద్రం, స్వింగ్ ఆర్మ్ పివట్ (వెనక చక్రాన్ని పట్టుకున్న చేయి ఆడే కీలు), వెనక ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు స్ప్రాకెట్ నుంచి ఇరుసుకు దూరం అన్నిటికన్నా ఎక్కువ. ఖాళీ బండిలో ఇరుసు ఆ గీతకు కింద ఉంటుంది. మనిషి, సామాను ఎక్కి సస్పెన్షన్ దిగేకొద్దీ గీత దగ్గరికి వస్తుంది, చైన్ బిగుస్తుంది. సస్పెన్షన్ ఎంత ఎక్కువ ఆడితే అంత వదులు కావాలి. పొడవు సస్పెన్షన్ ఉన్న టూరింగ్ బండికి ఊళ్లో తిరిగే 100 సీసీ బండి లెక్కన చైన్ బిగిస్తే, ప్రతి గుంతలోనూ ఆ లాగుడంతా ఆ చిన్న బేరింగే మోయాలి.

ఇక ఓవర్‌లోడ్ సంగతి. మీ మాన్యువల్ ప్రకారం బండి మోయగలిగింది 190 కిలోలు. నేను 74, మా ఆమె 58, పెట్టెలూ సామానూ కలిపి 22. మొత్తం 154. పెట్టెలు అమ్మింది మీరు, బిగించింది మీరు. ఆ పెట్టెల్లో బట్టలు పెట్టుకోవడం మిస్‌యూజ్ ఎట్లా అవుతుంది? బయట చైన్ ముట్టుకున్నారన్న ఇంకో అభ్యంతరం కూడా నోటిమాటగా చెప్పారు. ప్రతి 500 కి.మీ.కు చైన్ చూసుకుని, నూనె వేసి, అవసరమైతే సరిచేసుకోమని మీ మాన్యువలే చెప్తోంది. నేను ముట్టుకోకముందు ఎంత బిగువుందో తేదీ, టైముతో సహా ఫోటోల్లో ఉంది.

నేను కట్టిన రిపేరు బిల్లు 14,860 రూపాయలు, బొలెరోకు ఇచ్చిన 3,500 రూపాయలు తిరిగి ఇవ్వాలి. నా బండి సర్వీస్ రికార్డులోంచి "యూజర్ మిస్‌యూజ్" అన్న మాట తీసేసి ఆ సంగతి రాతపూర్వకంగా తెలపాలి. అది అట్లాగే ఉంటే రేపు ఇంజన్‌లో ఏది పోయినా వారంటీ అడిగే దారి మూసుకుపోతుంది కాబట్టి, డబ్బు కన్నా నాకు ఇదే ముఖ్యం. సర్వీస్ అయ్యాక చైన్ ఎన్ని మి.మీ. ఆడుతోందో కొలిచి జాబ్ కార్డు మీద రాయాలని మీ సెంటర్లన్నిటికీ చెప్పండి. రెండు నిమిషాల పని అది. నా తర్వాత ఆ ఘాట్ రోడ్డు మీద ఇంకొకరు భార్యాపిల్లలతో ఆగిపోకూడదు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వగలరు. రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. నేను ఉంటున్న జిల్లాలోనే వేసుకునే వీలు ఆ చట్టం ఇచ్చింది.

రెండు జాబ్ కార్డులు, బిల్లులు, యాక్సెసరీస్ ఇన్‌వాయిస్, అహోబిలంలో తీసిన ఆరు ఫోటోలు జతచేశాను. పాత బేరింగ్, చిరిగిన సీల్ నా షాపులో భద్రంగా ఉన్నాయి. మీ ఇంజనీరు ఎప్పుడు వచ్చినా చూపిస్తాను, చేతిలో పెట్టుకుని తిప్పి చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ కస్టమర్
(సంతకం)