మందు షాపు ఎదుగుదలను పిల్లలకు ఆదర్శంగా చెప్పొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మా చీపురుపల్లి వైపు ఒక హైస్కూలు వార్షికోత్సవానికి వెళ్లాను. మా మనవడు అక్కడ తొమ్మిదో తరగతి. బడికి మంచినీళ్ల ప్లాంటు పెట్టించిన ఒక మద్యం వ్యాపారికి శాలువా కప్పారు. దానికి నాకు అభ్యంతరం లేదు, ఆ నీళ్లు తాగేది పిల్లలే. కానీ మైకు పట్టుకున్న పెద్దమనిషి పిల్లల వైపు తిరిగి, "సైకిలు మీద తిరిగిన మనిషి ఇవాళ ఇంతవాడయ్యారు, మీరూ ఇలా ఎదగాలి" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ మాట గురించే ఈ ఉత్తరం.

2003 నుంచి 2012 దాకా, వేరే ఒక మద్యం వ్యాపారి దగ్గర గుమస్తాగా లెక్కలు రాశాను. ఈ వ్యాపారంలో లాభం ఎక్కణ్ణుంచి వస్తుందో కౌంటరుకు అవతల నిలబడ్డవాళ్లకు తెలీదు. సిరిమాను పండక్కి చుట్టాలొచ్చారని ఒక ఫుల్ బాటిల్ పట్టుకెళ్లేవాడి వల్ల షాపు నడవదు. రోజూ పొద్దు గూకేసరికి ఒక్క క్వార్టరు కోసం వచ్చే కూలి మనిషి వల్ల నడుస్తుంది. ఉపాధి పనుల డబ్బులు ఎప్పుడు పడతాయో, పింఛన్లు ఎప్పుడిస్తారో, జూట్ మిల్లు జీతాలు ఏ రోజో మా ఓనరుకు కంఠతా వచ్చు. ఆ రోజులకు ముందే డిపో నుంచి చవక రకం కేసులు ఎక్కువ దింపించేవాళ్లం.

అదీ కొంతే. అసలు లాభం బెల్టు షాపుల్లో ఉండేది. లైసెన్సు ఒక్క షాపుకే, సరుకు మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ. మా అమ్మకంలో సగానికి పైగా ఆటోల్లో కిరాణా కొట్లకూ పాకలకూ వెళ్లిపోయేది. ఆ లెక్క చిట్టా వెనక పేజీల్లో పెన్సిలుతో రాసేవాణ్ణి. మనుషుల పేర్లుండవు. ఊరు, కేసులు, బాకీ, అంతే.

ఆ పేజీల్లో ఒకావిడ ఖాతా ఉండేది. మొగుడు తాగి తాగి పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. బియ్యం డబ్బాలో సీసాలు దాచి, క్వార్టరుకు పది రూపాయలు వేసుకుని అమ్మేది. శనివారం బాకీ కట్టడానికి వస్తే కొంగు ముడి విప్పి, నలిగిపోయిన పది రూపాయల నోట్లను ఒక్కొక్కటీ అరచేత్తో సాపు చేసి నా బల్ల మీద పెట్టేది. ఎక్సైజు వాళ్లు పట్టుకున్నారు. కేసు ఆమె మీద రాశారు. సరుకు ఎవరిచ్చారని అడిగితే "నాకు తెల్దు బావూ" అందట. ఆ రాత్రే ఆ పేజీ చింపేయమన్నాడు మా ఓనరు. చింపింది నేనే. జరిమానా కట్టడానికి ఆమె మళ్లీ మా ఓనరు దగ్గరే అప్పు చేసింది.

అమ్మకపోతే జనం మానేస్తారా అంటారు. మానరు. 1995లో రామారావు గారు సంపూర్ణ నిషేధం పెట్టినప్పుడు ఒడిశా నుంచి సీసాలు ఎలా దిగాయో మన జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 1997లో దాన్ని సడలించారు. అందుకే షాపులు మూయమని నేను అనడం లేదు. లైసెన్సు తీసుకున్న ప్రతివాడూ పాపాత్ముడనీ అనడం లేదు. ఎమ్మార్పీకే అమ్మి, బెల్టులకు ఒక్క సీసా కూడా పంపకుండా, వేళకు షట్టరు దించేసే మనిషి ఇల్లు గడుపుకోగలడు. కానీ పెద్దవాడు కావాలంటే అది చాలదు. తొమ్మిదేళ్లు లెక్కలు రాసినవాడిగా చెబుతున్నాను. బట్టల కొట్టుకు బేరం పెరిగితే ఊళ్లో నాలుగు కొత్త చొక్కాలు కనిపిస్తాయి. మందు షాపుకు బేరం పెరిగిందంటే నిన్న ఒక క్వార్టరు తాగినవాడు ఇవాళ రెండు తాగుతున్నాడని.

2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 షాపులకు లాటరీ తీస్తే దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు 2 లక్షలు, షాపు తగలకపోయినా వెనక్కి రావు. అంత డబ్బు వదులుకోడానికి సిద్ధపడ్డవాళ్లందరూ కౌంటరు మీద వచ్చే మార్జినే చూసుకుని వచ్చారంటే నేను నమ్మలేను.

రాజ్యాంగం 47వ అధికరణంలో మత్తు పానీయాలు మాన్పించే ప్రయత్నం చేయమని ప్రభుత్వానికే చెప్పి ఉంది. పిల్లలకు ఆ మాట చెప్పాల్సిన బడిలో ఈ మాట చెప్పారు. హెడ్మాస్టర్లకూ, ఉత్సవ కమిటీల పెద్దలకూ నా మనవి ఒకటే. విరాళం తీసుకోండి, ప్లాంటు మీద పేరు రాయించండి. 'మీరూ ఇలా కావాలి' అని మాత్రం అనకండి. ఆ మాట అనాలనుంటే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసేవాళ్లున్నారు, పొందూరులో నూలు వడికే అమ్మలున్నారు. వాళ్లను స్టేజీ ఎక్కించి అనండి.

ఆ రాత్రి మనవడు నా మంచం దగ్గరకొచ్చి, "తాతా, నువ్వూ ఆ పనే చేశావు కదా, అది తప్పా?" అని అడిగాడు. జరిగిందంతా చెప్పాను, ఆ పేజీ చింపిన సంగతితో సహా.

ఒక రిటైర్డ్ గుమస్తా,
చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా