బంకు గన్ మీద బయోడీజిల్ శాతం రాయాలి

సంపాదకుడు గారికి,

సల్ఫర్ తీసేశాక డీజిల్‌లో పస పోయిందని, పంపులు అందుకే పోతున్నాయని వరంగల్ ఆటోనగర్ నుంచి ఏనుమాముల మార్కెట్ దాకా లారీ, ట్రాక్టర్ వాళ్లందరూ అంటున్నారు. డీజిల్ పంపులు, నాజిళ్లు విప్పి బాగుచేసే పని మాది. ఈ మాటలో నిజం కొంతే ఉంది. నిందంతా సల్ఫర్ తీసేయడం మీద వేసి ఊరుకుంటే, డీజిల్‌లో కలిసే బయోడీజిల్ ఎంతో ఎవరికీ తెలియకపోవడమనే అసలు గొడవ అలాగే ఉండిపోతుంది.

బండ్ల పొగకు కేంద్రం పెట్టిన హద్దుల్లో కొత్త మెట్టయిన బీఎస్-6 డీజిల్ దేశమంతా వచ్చింది 2020 ఏప్రిల్ 1న. లాక్‌డౌన్‌లో బండ్లన్నీ ఇంటి ముందరే ఆగిపోయిన రోజులు కావడంతో చాలామందికి మార్పు తెలియనే లేదు. బీఎస్-3లో పది లక్షల పాళ్లకు 350 పాళ్ల దాకా ఉండే సల్ఫర్ బీఎస్-4లో 50కి, ఇప్పుడు 10కి దిగింది. కొత్త బండ్ల కామన్ రైల్ పంపైనా, పాత రోటరీ పంపైనా లోపల పారే డీజిలే దానికి కందెన. రిఫైనరీలో హైడ్రోజన్‌తో సల్ఫర్‌ను తీసేటప్పుడు, లోహానికి పొరలా పట్టి అరుగుదల ఆపే కొన్ని పదార్థాలు కూడా పోతాయి. కందెన గుణం వాటిది, సల్ఫర్‌ది కాదు. 1990ల మొదట్లో స్వీడన్‌లో ఇలాంటి డీజిల్ అమ్మినప్పుడు పంపులు వరసగా అరిగిపోయాయి. తర్వాత డీజిల్ కందెన గుణం తేల్చడానికి ఒక పరీక్ష వచ్చింది. 60 డిగ్రీల వేడి డీజిల్‌లో ఉక్కు గుండును ఉక్కు బిళ్ల మీద 75 నిమిషాలు రుద్దుతారు. పడిన గాటు 460 మైక్రాన్లు దాటకూడదు. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు కూడా అదే. అందుకే కంపెనీలు కందెన మందు కలుపుతాయి. మొక్కల నూనెల్లాంటివాటితో చేసే బయోడీజిల్‌ను ఒకటి రెండు శాతం కలిపినా ఆ లోటు తీరుతుంది. ప్రమాణం ప్రకారం ఉన్న డీజిల్ పోసుకున్నంత మాత్రాన పంపు పోదు. కిరోసిన్ కలిస్తే మాత్రం పోతుంది, అది ఏ కాలంలోనైనా పోయేదే.

పంపులో డీజిల్‌ను నెట్టే కడ్డీని ప్లంజర్ అంటాం. కందెన చాలక అరిగిన ప్లంజర్‌ను చూస్తే తెలిసిపోతుంది. నిలువునా గీతలు ఉంటాయి, గోరు పెడితే తగులుతాయి. ఈ మధ్య మా బల్ల మీదకు వస్తున్నవాటిలో చాలావాటికి ఆ గీతలు లేవు. ప్లంజర్ తాను ఆడే గొట్టం, అంటే బ్యారెల్‌లో కదలకుండా పట్టేసి ఉంటుంది, దాని మీద తేనె రంగు జిగురు. ఫిల్టర్ విప్పితే అడుగున నీళ్లు, పైన నల్లని జిగట ముద్ద. రబ్బరు సీళ్లు ఉబ్బి ఉంటాయి. ఇవి చెడిపోయిన బయోడీజిల్ చేసే పనులు. హార్వెస్టర్ల సంగతి మరీ ఘోరం. యాసంగి కోతలు కాగానే మేలో షెడ్డులో పెట్టిన బండిని మళ్లీ దసరా దాటాకే తీస్తారు. ట్యాంకులో మిగిలిన డీజిల్‌లో బయోడీజిల్ ఉంటే ఆ నాలుగైదు నెలలూ గాలిలోని తేమ లాక్కుంటూ జిగురు కడుతుంది. పొలంలో దింపిన రోజే స్టార్టింగ్ ట్రబుల్, సగం మడి కోయగానే ఫిల్టర్ జామ్. గంట లెక్కన కిరాయి మాట్లాడుకున్న రైతుకు మబ్బు పట్టిందంటే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

అలాగని బయోడీజిల్ వద్దనడం లేదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ ఆదివాసీ మహిళలు కానుగ నూనె తీసి, 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా తగ్గించిన లెక్కకు ప్రపంచ బ్యాంకు దగ్గర 645 డాలర్లు తీసుకున్నారు. మంచి పేరే తెచ్చారు మనకు. డీజిల్‌లో 7 శాతం వరకు బయోడీజిల్‌ను మన ప్రమాణమే ఒప్పుకుంటుంది. 2030 నాటికి 5 శాతం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది, కాబట్టి ఇది పెరిగేదే. అయితే ఈ రోజు నా ట్యాంకులో పడ్డది ఎంత శాతమో నాకు చెప్పేవాళ్లేరి? బంకులో అడిగితే డెన్సిటీ చూపిస్తారు, ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపిస్తారు. ఆ రెండిట్లోనూ బయోడీజిల్ శాతం గానీ కందెన గుణం గానీ తెలియదు. ఇక రోడ్డు పక్కన బంకు ధర కన్నా తక్కువకు 'బయోడీజిల్' పేరుతో డ్రమ్ముల్లో దొరికేదాని గురించి చెప్పేదేముంది. అందులో ఏ నూనె ఉందో అమ్మేవాడికైనా తెలుసో లేదో.

మా వృత్తిలోనే కొందరు దీనికి మందుగా ట్యాంకులో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల పెట్రోలులో కలిపే ఆయిల్) పోయమంటారు. పాత ట్రాక్టర్‌కు పెద్ద నష్టం లేకపోవచ్చు గానీ, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న బీఎస్-6 బండిలో అది కాలి ఆ ఫిల్టర్‌లో బూడిదై పేరుకుంటుంది. దాని ఖర్చు పంపు ఖర్చును మించుతుంది.

యూరప్‌లో 2018 నుంచి బంకు గన్ దగ్గరే చదరపు స్టిక్కర్ మీద 'బీ7' అని, అంటే 7 శాతం దాకా బయోడీజిల్ ఉందని రాస్తున్నారు. మన దగ్గర ఆ పని చేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరాక బండ్లవాళ్లలో ఎంత అలజడి రేగిందో చూశాం, డీజిల్‌కు అంతదాకా రానివ్వొద్దు. వానాకాలం వరి కోతలకు హార్వెస్టర్లు షెడ్లు దాటేలోపు పౌరసరఫరాల శాఖ వరంగల్, హనుమకొండ, కరీంనగర్ జిల్లాల బంకుల్లో, రోడ్డు పక్కన అమ్మే చోట్ల శాంపిళ్లు తీయాలి. డెన్సిటీతో సరిపెట్టకుండా నీరు, బయోడీజిల్ శాతం, అరుగుదల గాటు కూడా పరీక్ష చేయించి, ఫలితాలను బంకు పేరుతో సహా కలెక్టరేట్ బోర్డు మీద పెట్టాలని కోరుతున్నాను.

— ఒక డీజిల్ పంపు మెకానిక్, హనుమకొండ