జూన్‌లో నూనె కొన్నవాళ్లు సీసాలు వాపస్ తెచ్చేయండి

వనపర్తిలో మన గానుగ దగ్గర జూన్‌లో పల్లి నూనె తీసుకున్న అన్నలు, అక్కలు, మిగిలింది వాడకండి. సీసా ఖాళీ అయినా సరే, తెచ్చి డబ్బులు తీసుకుపోండి. ముక్కిన వాసన వస్తోందని మొదట చెప్పింది ఒక టీచరక్క. "మీ సీసా సరిగ్గా ఆరలేదేమో అక్కా" అన్నాను. క్షమించాలి.

యాసంగి పంట దిగినప్పుడు, రేటు పెరుగుతుందేమోనని ఏడాదికి సరిపడా గింజలు ఒకేసారి కొన్నాను. 9 ఏళ్లుగా ఇస్తున్న వ్యాపారే. పై వరస బస్తాలు గలగలమన్నాయి, అడుగున 14 బస్తాలు ఆరని పచ్చివి, బూజు పట్టాయి. ఫోన్ చేస్తే "చూసుకునే కదా తీసుకున్నవ్" అన్నాడు, ఇప్పుడు ఎత్తడం కూడా లేదు. ఒక్కసారి బాకీ పెట్టినవాణ్ణి కాదు, వాళ్ల బిడ్డ పెళ్లికి నూనె డబ్బాలు ఊరికే పంపినవాణ్ణి! చూసుకున్నది నేనే, అదే మంట. గుప్పెడు గింజలు ఊపి తేమ చెప్పేస్తానని ఊరంతా చెప్పుకున్నాను కదా.

తర్వాత ఒకాయన వచ్చి ఆ బస్తాలు సగం రేటుకు అడిగాడు, దాణాలో కలుపుతాడట. ఆ బూజు విషం గేదె తింటే పాలల్లోకి వస్తుంది. తెలిసి కూడా వారం రోజులు అతని నంబరు పట్టుకుని కూర్చున్నాను, దాచడమెందుకు, మోటారు లోన్ కిస్తీ నెత్తి మీదుంది. ప్రార్థన కూడా "ప్రభువా, ఈ బేరం కుదిర్చు" అనే చేశాను. అంటే నిర్ణయం నాది, సంతకం ఆయనది. ఆ ఆదివారం చర్చిలో బైబిల్లోని నిర్గమకాండం 16వ అధ్యాయం చదివారు. ఎడారిలో ఇశ్రాయేలు జనానికి దేవుడు ఏ రోజుకారోజు ఇచ్చిన ఆహారం మన్నా, రేపటికని దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది. పాస్టరు గారికి నా గోదాం సంగతి తెలియదు, నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. మర్నాడు విశ్రాంతి దినమని ఆరో రోజు దేవుడే దాచుకోమన్నప్పుడు అదే మన్నా చెడిపోలేదు. నాకు దాచమన్నది నా భయం.

సోమవారం గొయ్యి తీయించి 14 బస్తాలూ పూడ్చేశాం. కిస్తీ ఎట్ల కడతానో తెలియదు, అయినా నిద్ర పడుతోంది, అది నాకు కొత్త.

దేవుని మీద భారం వేయడమంటే తేమ మీటరు కొనకపోవడం కాదని మా ఆవిడ కసిరింది, కొన్నాం. కౌంటర్ మీదే ఉంటుంది, మీరే పెట్టి చూసుకోండి, 8 శాతం దాటితే గానుగలో వేయను. ఇకపై నెలకు సరిపడానే కొంటాను. రేటు మాత్రం తగ్గించను, లీటరుకు రెండున్నర కిలోల దాకా గింజలు పడతాయి. ఆదివారం తెరవను, అడగొద్దు. కొత్త నూనె గురువారం నుంచి. మొదటి లీటరు ఆ టీచరక్కకే, వస్తే.